కరెంటు తీసేస్తే అస్లీ అయిపోతుందా?

పోయిన జుమా నాడు నమాజ్ అయ్యాక ఒక దోస్తు నన్ను తన ఇంటికి తీసుకుపోయాడు. కొత్త స్పీకర్లు కొన్నాడు. ఒక్కొక్కటి మా చిన్నోడి ఎత్తుంది. ఖరీదెంతో మాత్రం చెప్పలేదు, భాభీ వంటింట్లోనే ఉంది కాబట్టి. దివాన్ మీద కూర్చోబెట్టి, చాయ్ చేతికిచ్చి, కిటికీలు మూసి, ఒక రికార్డు పెట్టాడు. మడ్డీ వాటర్స్ పాడిన 'ఫోక్ సింగర్'. రెండు మామూలు గిటార్లు, వెనక ఎక్కడో ఒక బాస్, అప్పుడప్పుడు డ్రమ్ము మీద ఓ చిన్న దెబ్బ. మధ్యలో ఆ గొంతు. ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది. చాయ్ చల్లారిపోయింది.

పాట అయిపోగానే దోస్తు నా తొడ మీద చరిచి అన్నాడు: "దేఖా భాయ్? ఇదీ అస్లీ బ్లూస్. తర్వాత కరెంటు గిటార్లు తెచ్చి అంతా కల్తీ చేశారు."

నేనేం అనలేదు. మెహమాన్‌ని కదా. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రికార్డు మీద నాకేం ఫిర్యాదు లేదు, అది నాకు ప్రాణం. ఆ మాట మీదే నా గుస్సా. అది గలత్. గలత్ ఒక్కటే అయితే పోనీలే అనుకునేవాణ్ణి. అది ఒక మనిషి జిందగీ మీద చేసే జుల్మ్ కూడా. సంగీతం హరామా హలాలా అనే బహస్ ఇవాళ వద్దు, దాని కోసం వేరే వేదికలు ఉన్నాయి. ఇవాళ నా సవాల్ ఒకటే: ఒకడి కళలో ఏది అస్లీ, ఏది నకిలీ అని తేల్చే హక్కు ఎవడికి?

ముందు తారీఖులు చూద్దాం. నా దోస్తు లెక్కలో ముందు కరెంటు లేని బ్లూస్, తర్వాత కరెంటు బ్లూస్. కానీ ఈ 'ఫోక్ సింగర్' ఎప్పటిది? 1963 సెప్టెంబర్‌లో రికార్డు చేశారు, 1964లో బజారులోకి వచ్చింది. అప్పటికి మడ్డీ వాటర్స్ షికాగోలో కరెంటు గిటార్ పట్టి దాదాపు ఇరవై ఏళ్లు. లిటిల్ వాల్టర్ హార్మోనికా, జిమ్మీ రోజర్స్ గిటార్, ఓటిస్ స్పాన్ పియానో... ఇలాంటి ఉస్తాదులతో బ్యాండ్ కట్టి, ఒక కొత్త ఆవాజే పుట్టించాడు. అంటే నా దోస్తు 'కల్తీకి ముందుది' అన్న రికార్డు, ఆయన అన్న 'కల్తీ' తర్వాత పదిహేనేళ్లకు పైగా గడిచాక తీసింది. తాతకంటే ముందు మనవడు పుట్టాడన్నట్టుంది లెక్క.

మరి 1963లో కరెంటు ఎందుకు తీసేశారు? మడ్డీకి పల్లె గుర్తొచ్చా? కాదు. అప్పుడు అమెరికా కాలేజీల్లో 'ఫోక్' అనే మాటకు బజారు ఉంది. గడ్డం పెంచిన కుర్రాళ్లు, గిటార్ సంచి భుజాన వేసుకున్న అమ్మాయిలు, పల్లె పాట అంటే చెవి కోసుకునే రోజులు. మడ్డీ రికార్డులు వేసేది చెస్ అన్నదమ్ముల కంపెనీ, లెనార్డ్, ఫిల్. పోలండ్ నుంచి వచ్చి స్థిరపడిన యూదులు, ధందా తెలిసినవాళ్లు. ఏ సరుకు ఎప్పుడు అమ్ముడుపోతుందో పసిగట్టారు. అట్ట మీద 'ఫోక్ సింగర్' అని అచ్చేశారు. అంతే తప్ప మడ్డీ తెల్లారి లేచి 'నేను ఫోక్ సింగర్‌ని' అనుకున్నవాడు కాదు.

అందులో ఒక తమాషా ఉంది. మడ్డీ పక్కన వాయించడానికి మిసిసిపీ నుంచి పాత తరం ముసలాయన్ని ఎవర్నైనా పట్టుకురండి అని లెనార్డ్ చెస్ అన్నాడట. మడ్డీ పోయి ఎవర్ని తెచ్చాడు? బడ్డీ గైని. అప్పటికి ఇరవై ఏడేళ్ల కుర్రాడు, క్లబ్బుల్లో కరెంటు గిటార్‌ను కేకలు పెట్టించేవాడు. ఊరు కూడా మిసిసిపీ కాదు, లూసియానాలో లెట్స్‌వర్త్. 'ఈ పిల్లగాడా?' అని లెనార్డ్ చికాకు పడి, వాయించడం మొదలుపెట్టాక నోరు తెరుచుకుని నిలబడ్డాడని బడ్డీ గై తర్వాత ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పుకున్నాడు. నా దోస్తు వెయ్యేళ్ల నాటి మట్టివాసన అనుకుని కళ్లు మూసుకున్న ఆ రెండో గిటార్ ఆ కరెంటు పిల్లగాడిదే, జనాబ్.

ఇంకాస్త వెనక్కి పోదాం. 1941 ఆగస్టు. మిసిసిపీలో క్లార్క్స్‌డేల్ అనే ఊరి దగ్గర స్టోవాల్ అనే తెల్లదొర పత్తి తోట. అక్కడికి ఇద్దరు వచ్చారు: అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం, అదే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున అలన్ లోమాక్స్, ఫిస్క్ యూనివర్సిటీ నుంచి నల్లజాతి పండితుడు జాన్ వర్క్. తోటలో ట్రాక్టర్ నడిపే మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్‌ను కూర్చోబెట్టి, ఆయన పాటలు యంత్రంలో ఎక్కించుకున్నారు. మడ్డీ వాటర్స్ అసలు పేరు అదే. అప్పుడు పాడిన పాట 'కంట్రీ బ్లూస్'.

ఇంతకంటే అస్లీ ఏముంటుంది అంటారా? ఆగండి. ఈ పాట ఎక్కడిది అని లోమాక్స్ అడిగాడు. కారు టైరు పంక్చర్ వేస్తుంటే నేనే కట్టాను అన్నాడు మడ్డీ. తర్వాత అదే మాటల్లో, సన్ హౌస్ దగ్గర నేర్చుకున్నాను అన్నాడు. ఇదే బాణీలో రాబర్ట్ జాన్సన్ రికార్డు కూడా ఉందని చెప్పాడు. ఒక్క పాటకు మూడు పుట్టుకలు: పంక్చరైన టైరు, ఒక ఉస్తాద్, ఒక గ్రామఫోన్ రికార్డు. ఆ తోటలో, ఆ గుడిసెలో, ఆ 'స్వచ్ఛమైన' మనిషి చేతికి యంత్రం అప్పటికే అందింది. అంతేకాదు, అప్పట్లో ఆయన జనం ముందు పాడే పాటల జాబితా రాసుకున్నారు కదా, అందులో జీన్ ఆట్రీ పాటలున్నాయి. జీన్ ఆట్రీ ఎవరనుకున్నారు? సినిమాల్లో గుర్రం ఎక్కి పాడే తెల్ల కౌబాయ్. పెళ్లిళ్లలో, శనివారం రాత్రి జల్సాల్లో జనం ఏది అడిగితే అది పాడేవాడు మడ్డీ. పెళ్లి బ్యాండువాళ్లు ఎక్కడైనా అంతే కదా. ఆ కౌబాయ్ పాటల కోసం ఎవరూ అంత దూరం ప్రయాణం చేసి రాలేదు. వచ్చినవాళ్లు తమకు కావలసినది ఏరుకున్నారు.

లోమాక్స్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన రాకపోతే ఆ ఆవాజ్ మనకు దక్కేదే కాదు. రికార్డు ప్రతులు రెండు, ఇరవై డాలర్లు మడ్డీకి పంపించాడు కూడా. తన గొంతు తాను విన్నాక మడ్డీకి ధైర్యం వచ్చింది, నేనూ గాయకుణ్ణే అని. కానీ చూడండి, ఆ ధైర్యంతో ఆయన ఏం చేశాడు? తోటలోనే కూర్చుని అస్లీగా మిగిలాడా? లేదు. ట్రాక్టర్ నడిపినందుకు గంటకు ఇరవై రెండున్నర సెంట్లు ఇస్తుంటే, ఇరవై అయిదు ఇవ్వమని అడిగాడు. గుమాస్తా మండిపడ్డాడు. రెండున్నర సెంట్లు! 1943లో రైలెక్కి షికాగో వెళ్లిపోయాడు. దాన్ని వలస అని రాయడానికి నా కలం ఒప్పుకోదు, అది హిజ్రత్. ఆయన ఒక్కడే కాదు, ఆ దశాబ్దాల్లో లక్షల మంది నల్లవాళ్లు దక్షిణం జుల్మ్ వదిలి ఉత్తరం రైలెక్కారు.

షికాగోలో కాగితం ఫ్యాక్టరీలో మజ్దూరీ చేశాడు. ట్రక్కు నడిపాడు. రాత్రుళ్లు సౌత్ సైడ్ క్లబ్బుల్లో పాడాడు. ఆ క్లబ్బులు ఎలాంటివి? మన షాదీఖానాలో భోజనాల వేళ ఉంటుందే గోల, దానికి రెండింతలు. రోజంతా ఉక్కు మిల్లుల్లో, కబేళాల్లో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు తాగి, అరిచి, ఆడే చోటు. అక్కడ మామూలు గిటార్ తీగ మీటితే మొదటి బల్ల దగ్గరి వాడికి కూడా వినపడదు. అందుకే 1940ల నడిమిలో ఆయన కరెంటు గిటార్ పట్టాడు. ఫ్యాషన్ కోసం కాదు. తన మనుషులకు తన మాట వినపడాలని. దీన్నే నా దోస్తు కల్తీ అంటున్నాడు. దూరంగా ఉన్నవాడికి కూడా వినపడేలా గొంతు పెంచడం కల్తీ ఎలా అవుతుంది?

1948లో ఆ కరెంటుతోనే 'ఐ ఫీల్ లైక్ గోయింగ్ హోమ్' రికార్డు చేశాడు. జాగ్రత్తగా వింటే తెలుస్తుంది, 1941లో తోటలో పాడిన 'కంట్రీ బ్లూస్' బాణీయే అది. ఒకవైపు ఇది, మరోవైపు 'ఐ కాంట్ బి సాటిస్ఫైడ్'. షికాగోలో మొదటి విడత రికార్డులు దాదాపు ఒక్కరోజులో అయిపోయాయి. ఎవరు కొన్నారు? మిసిసిపీ నుంచి వచ్చిన వాళ్లే. ఇంటి బెంగతో ఉన్నవాళ్లకు ఇంటి పాట కావాలి. కానీ ఆ పాట వాళ్లున్న షహర్ చప్పుడులో వినపడాలి. ఆ వేల మంది మజ్దూర్లు ఆ కరెంటులోనే తమ వతన్‌ను గుర్తుపట్టారు. అస్లీ అని వాళ్లు దస్తఖత్ పెట్టాక, ఎనభై ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని దాన్ని రద్దు చేసే ఖాజీలం మేమెవరం?

ఈ ఖాజీగిరీ కొత్తది కాదు. 1938లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పెద్ద కచేరీ జరిగితే, బిగ్ బిల్ బ్రూన్జీని అర్కన్సా నుంచి వచ్చిన పొలం కూలీగా చూపించారు. ఆయనేమో షికాగోలో ఏళ్లుగా రికార్డులిస్తున్న పేరున్న గాయకుడు! 1959లో జాన్ లీ హుకర్ చేతిలోంచి కరెంటు గిటార్ తీయించి, 'కంట్రీ బ్లూస్' అని పేరుపెట్టి రికార్డు వేశారు. ఆయన డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల ఊళ్లో కరెంటు గిటార్‌తోనే పేరు తెచ్చుకున్నవాడు. ఇక మడ్డీ సంగతి మరీ ఖరాబు. 1958లో ఇంగ్లండ్ పిలిస్తే కరెంటు గిటార్ పట్టుకుపోయాడు. అక్కడి విమర్శకులు కొందరు చెవులు మూసుకున్నారు, ఇదేం గోల, మాకు పల్లెటూరి బ్లూస్ కావాలి అని. పాపం, మంచి మనిషి కదా, మనసులో పెట్టుకున్నాడు. 1963లో మళ్లీ పిలిస్తే ఈసారి మామూలు గిటార్ తీసుకెళ్లాడు. అప్పటికి అక్కడి కుర్రాళ్లు ఆయన కరెంటు రికార్డులు విని పిచ్చెక్కి ఉన్నారు. వాళ్లు ముఖాలు వేలాడేసుకున్నారు, కరెంటు గిటార్ ఏదీ అని!

నవ్వొస్తుంది. నవ్వాక కడుపులో దేవినట్టు కూడా ఉంటుంది. యాభై ఏళ్ల వయసుకు దగ్గరపడిన ఉస్తాద్, సముద్రం దాటి వచ్చి, ఎవరికి ఏ వేషం కావాలో తెలియక నిలబడ్డాడు.

మనింట్లో చూసుకుందాం. ఖవ్వాలీలో హార్మోనియం లేకపోతే అది ఖవ్వాలీయేనా అంటాం. ఆ హార్మోనియం 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టింది. పాదరీల వెంట, తెల్లదొరల వెంట ఓడెక్కి వచ్చింది. మన సంగీతానికి సరిపడదని ఆల్ ఇండియా రేడియో 1940లో దాన్ని బయటపెట్టింది, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ఇప్పుడదే 'మన పాత వాద్యం'. ఏదైనా కొత్తగా వచ్చినప్పుడు తిట్టి, మన తాత వాయించాక ముద్దుపెట్టుకోవడం మన ఆదత్.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది మన వాట్సప్ భాయీలకు. బ్లూస్ అజాన్ నుంచి పుట్టిందని ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని వెనక నిజమైన ఇల్మ్ ఉంది, కాదనను. సిల్వియాన్ దియూఫ్ అనే చరిత్రకారిణి 1998లో 'సర్వెంట్స్ ఆఫ్ అల్లా' అనే కితాబు రాసింది. పశ్చిమ ఆఫ్రికా నుంచి గులాములుగా లాక్కుపోయిన వాళ్లలో ముసల్మానులు ఎందరో ఉన్నారని, వాళ్ల తిలావత్, అజాన్ రాగాల జాడ పొలాల్లో నల్లవాళ్లు పాడిన కేకల్లో వినిపిస్తుందని ఆమె వాదన. నేను రెండూ పక్కపక్కన విన్నాను. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కానీ ఒక విద్వాంసురాలు జాగ్రత్తగా వేసిన అడుగును మనం తెచ్చి 'బ్లూస్ మొత్తం మనదే' అని జెండా పాతితే, ఆ లండన్ విమర్శకుడికీ మనకూ ఫరక్ ఏమిటి? ఆయన మడ్డీని పల్లెటూరికి తోశాడు, మనం ఏకంగా మినార్ ఎక్కిస్తున్నాం. ట్రాక్టర్ నడిపిన, రెండున్నర సెంట్ల కోసం అడిగి లేదనిపించుకున్న మనిషి ఇద్దరి లెక్కలోనూ గాయబ్.

నాకెందుకింత గుస్సా అంటే చెబుతాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు సాహిత్యం. మా దక్కనీ విని ఉత్తరాది ఉర్దూ పెద్దలు 'యే కౌన్సీ జబాన్ హై' అని నవ్వారు. నా తెలుగు వ్యాసం చూసి ఒక మాస్టారు 'ఇందులో తురక మాటలు ఏరేస్తే మంచి తెలుగు' అన్నారు. ఇద్దరూ నామీద ప్రేమతోనే అన్నారు. ఏరేస్తే మంచి తెలుగు మిగలొచ్చు సార్, నేను మిగలను. కాబట్టి ఎవరైనా ఒకడి కళలోంచి ఫలానాది తీసేస్తే అస్లీ వస్తుందంటే నా పాత దెబ్బ సలుపుతుంది.

ఇప్పుడు రికార్డు సంగతికి వస్తాను. ఎందుకంటే నా దోస్తు తప్పు కారణంతో ఇష్టపడ్డాడు గానీ, ఇష్టపడ్డది గొప్ప సంగతినే. 'ఫోక్ సింగర్' ఎందుకంత పట్టేస్తుంది? విల్లీ డిక్సన్ బాస్ ఉందా లేదా అన్నట్టుంటుంది. క్లిఫ్టన్ జేమ్స్ డ్రమ్ము చాలాసేపు మౌనంగా ఉండి, అవసరమైన చోట మాత్రం తడుతుంది. బడ్డీ గై తన చేతిలో ఉన్న తుఫానంతా దాచుకుని, ఉస్తాద్ ముందు మోకాళ్ల మీద కూర్చున్న షాగిర్ద్‌లా వాయించాడు. మడ్డీ ఒక మాట దగ్గర గొంతును గుసగుసలోకి దించుతాడు, మరుక్షణం గదినంతా నింపేలా పైకెత్తుతాడు. ఆ గొంతు చుట్టూ స్టూడియోలో కలిపిన ప్రతిధ్వని.

ఆ గుసగుస ఎక్కడిది? 1941 నాటి తోట రికార్డులో అది లేదు, ఉండదు కూడా. ఆరుబయట జల్సాలో గుసగుసగా పాడితే ఎవడు వింటాడు? గుసగుస పాట కావాలంటే నోటి ముందు మైకు ఉండాలి. మైకుకు ఎంత దగ్గరగా రావాలి, ఎప్పుడు ముఖం తిప్పాలి, మౌనాన్ని ఎంతసేపు ఆపాలి... ఇదంతా షికాగోలో ఇరవై ఏళ్ల కరెంటు చాకిరీలో నేర్చిన హునర్. గిటార్ తీగకు కరెంటు తీసేశారు, నిజమే. గొంతుకు మాత్రం ఆ రోజుల్లో దొరికే మేలైన కరెంటంతా పెట్టారు. నా మాట నమ్మండి, మడ్డీ రికార్డుల్లో అన్నిటికంటే కరెంటు ఎక్కువున్నది ఇదే. నా దోస్తు దాన్ని మనిషెత్తు స్పీకర్లలో వింటూ 'కరెంటు లేని రోజుల ఆవాజ్' అనడం చూస్తే మీటరు తిరిగే చప్పుడు నాకు వినిపించింది.

కొందరంటారు, మరి 1968లో 'ఎలక్ట్రిక్ మడ్' అని తీశారు కదా, అది చెత్తే కదా, అంటే కరెంటు ఎక్కువైతే పాడవుతుందనేగా? వినండి. అది లెనార్డ్ కొడుకు మార్షల్ చెస్ ఆలోచన. అప్పుడు హిప్పీల బజారు నడుస్తోంది. మడ్డీ బ్యాండును పక్కన పెట్టి, వేరే వాద్యగాళ్లను తెచ్చి, ఆయన్ను మధ్యలో నిలబెట్టి పాడించారు. ఆయనకే అది నచ్చలేదని తర్వాత కుండబద్దలు కొట్టాడు. అయిదేళ్ల కిందట కరెంటు తీసేయమన్నదీ దుకాణమే, అయిదేళ్ల తర్వాత ఎక్కువ పెట్టమన్నదీ దుకాణమే. రెండుసార్లూ మడ్డీకి దక్కింది కూలీ. ఆ పాటల హక్కుల డబ్బు కోసం ఆయనా, విల్లీ డిక్సనూ 1970లలో ఆర్క్ మ్యూజిక్ మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆ సంస్థ చెస్ వాళ్ల పాటల హక్కులు చూసుకునేది. స్వచ్ఛత గురించి మాట్లాడేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ అడగరు.

అడిగినా అడగకున్నా, 1963లో ఆ కూలీ పనిలోకి కూడా మడ్డీ తన ఇజ్జత్ మోసుకొచ్చాడు. వాళ్లు బజారు కోసం పెట్టిన షరతును తన కళగా మార్చుకున్నాడు. ముసలాయన్ని తెమ్మంటే కుర్రాణ్ణి తేవడమే దానికి గవాహీ.

ఆ కుర్రాడు ఆ రోజును మర్చిపోలేదు. నలభై ఏళ్లకు, 2003లో, బడ్డీ గై మిసిసిపీలోని ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చుని మామూలు గిటార్‌తో ఒక ఆల్బమ్ చేశాడు. పేరు 'బ్లూస్ సింగర్'. 'ఫోక్' అన్న మాట కొట్టేసి 'బ్లూస్' అని రాశాడని నేను చదువుకుంటాను. గ్రామీ కూడా వచ్చింది. తర్వాత? మళ్లీ తన కరెంటు గిటార్ మెడలో వేసుకుని తన దారిన పోయాడు. ఆయనకు ఒకటి తౌబా కాదు, ఇంకోటి గునాహ్ కాదు.

నిన్న దోస్తుకు ఫోన్ చేశాను. "భాయ్, వచ్చే జుమాకు మళ్లీ వస్తా. మూడు రికార్డులు వరసగా పెట్టాలి. 1941 తోటది, 1948 షికాగోది, తర్వాత నీ 1963ది. ఒకే బాణీ, మూడు మజిలీలు" అన్నాను. పాత రికార్డుల్లో గరగర ఎక్కువ, తన స్పీకర్లకు అది మంచిది కాదేమో అని నసిగాడు. అయితే నా ఫోన్‌లోనే విందాం, చాయ్ మాత్రం వేడిగా ఉండాలి అన్నాను.